నమ్మారా అని కాదు, తీర్చారా అని అడగాలి

డోసిమెడిస్ అనే మనిషి చేతి తొడుగులు రెండూ ఎవరో కొట్టేశారు. రోమన్ల పాలనలో ఉన్న బ్రిటన్‌లో, ఆ చలిలో అదేం చిన్న నష్టం కాదు. ఆయన సీసం, తగరం కలిసిన పల్చటి రేకు ఒకటి తీసుకుని, దాని మీద తన గోడు గీకి, సూలిస్ మినర్వా అమ్మవారి వేడినీటి బుగ్గలో పడేశాడు. తీసినవాడికి మతి పోవాలి, కళ్ళు పోవాలి, అదీ అమ్మవారి గుళ్ళోనే పోవాలి. అర్జీలో ఉన్నదంతా అంతే.

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక శనివారం బాత్ ఊరికి వెళ్ళి, అక్కడి మ్యూజియంలో ఇలాంటి రేకుల ముందు చాలాసేపు నిలబడ్డాను. 1979, 80లలో ఆ బుగ్గ దగ్గర తవ్వితే దాదాపు 130 బయటపడ్డాయి. క్రీ.శ. రెండో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం దాకా రాసినవి. ఒకడి స్నానపు చొక్కా పోయింది. డోసిలియానస్ అనే ఇంకొకడి ముసుగు కోటు పోయింది. అది తెచ్చి గుళ్ళో పెట్టేదాకా దొంగకు నిద్ర పట్టకూడదు, పిల్లలు పుట్టకూడదు అని అతని కోరిక. నా పక్కన ఎవరో ఇద్దరు చదివి నవ్వుకున్నారు. గ్లవ్స్ కోసం కళ్ళు పోవాలా అని కాబోలు.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. రాగి బిందె పోయిన రోజు ఆవిడ వీధిలో నిలబడి, దోసెడు మట్టి ఎత్తి పోసి, "నా బిందె ఎత్తుకెళ్ళినోళ్ళ కళ్ళు పోను" అని ఊరంతా వినేలా తిట్టింది. మధ్యాహ్నం తలస్నానం చేసి, పోలేరమ్మ గుడికి వెళ్ళి, అదే మాట నెమ్మదిగా, మర్యాదగా అమ్మవారికి చెప్పి వచ్చింది. పొద్దున్నది కోపం, మధ్యాహ్నంది ఫిర్యాదు. రెండూ ఒకటి కాదని ఆవిడకు బాగా తెలుసు. "కళ్ళు పోతాయ్" అనే మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎవరుంటారు? డోసిమెడిస్ రేకు నాకు వింతగా అనిపించకపోవడానికి కారణం అంతకంటే పెద్దదేం కాదు.

ఆ రేకుల భాష కూడా చూడాలి. ఎవరు తీశారో తెలియదు కాబట్టి ఎవరూ జారిపోకుండా రాస్తారు: ఆడైనా మగైనా, బానిసైనా స్వతంత్రుడైనా. అన్నియానస్ అనే ఆయన సంచిలోంచి ఆరు వెండి నాణేలు పోతే ఇంకో మెట్టు ఎక్కాడు. దొంగ పాత దేవుళ్ళవాడైనా సరే, క్రైస్తవుడైనా సరే అన్నాడు. కొన్ని పేర్లు కూడా జత చేశాడు. దస్తావేజు రాసే లేఖరి పక్కన కూర్చుని రాయించినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. రోమన్ మతం గురించి ఇంగ్లీషులో ఏ పుస్తకం తిరగేసినా కాసేపటికి ఒక ప్రశ్న ఎదురొస్తుంది: వాళ్ళు ఇదంతా నిజంగా నమ్మేవారా? ఆ వెంటనే ఒక తీర్పు కూడా వస్తుంది. అదొక పొడి మతమని, మనసు లేని తంతని, దేవుడితో ఇచ్చిపుచ్చుకునే బేరమని. నేను చాలాకాలం ఈ తీర్పును అలాగే మింగేశాను. మనకు రోమ్ అంటే సినిమాలు చూపించిన గ్లాడియేటర్లు, పిచ్చి చక్రవర్తులు. మిగతాది ఇంగ్లీషు పుస్తకాలు చెప్పింది. కానీ "నమ్ముతున్నావా?" అని మొదట అడిగేది క్రైస్తవం లాంటి, విశ్వాస ప్రకటన నడిమధ్యలో ఉన్న మతం. రోమన్లకు అలాంటి ప్రకటన లేదు, పవిత్ర గ్రంథం లేదు, మతంలోకి చేర్చుకునే తంతు లేదు. ఉన్నది చేయాల్సిన పనుల చిట్టా. వాళ్ళను అడగాల్సిన ప్రశ్న వేరే: మొక్కు మొక్కావు కదా, తీర్చావా?

రోమ్ సామ్రాజ్యం ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, వేల రాతి పీఠాల మీద నాలుగు అక్షరాలు కనిపిస్తాయి: VSLM. విడదీస్తే "వోటుమ్ సోల్విత్ లిబెన్స్ మెరితో". దీన్ని ఇంగ్లీషులోకి తేవాలంటే కాస్త కష్టపడాలి. తెలుగులో మాత్రం ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న మాటే: మొక్కు తీర్చుకున్నాడు, ఇష్టపూర్వకంగా, న్యాయంగా. "సోల్వెరె" అనే క్రియకు అప్పు తీర్చడం అని అర్థం, ముడి విప్పడం అని కూడా అర్థం. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెట్టిన ముడుపును తీసుకెళ్ళి హుండీలో వేసే మనిషికి ఆ రెండు అర్థాలూ ఒకే క్రియలో ఎందుకు ఉన్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. కోరిక తీరిపోయి మొక్కు ఇంకా తీర్చనివాడిని లాటిన్‌లో మొక్కుకు ముద్దాయి అనేవాళ్ళు. కోర్టు భాషే. కోరిక తీరిన క్షణం నుంచి నువ్వు బాకీదారువి.

ఇది బేరమే. బేరమైతే తక్కువదా? బేరంలో రెండు పక్షాలుంటాయి, ఇద్దరికీ మాట ఉంటుంది, ఇద్దరికీ పరువుంటుంది. తిరుమల స్వామిని మనం వడ్డికాసులవాడు అని పిలుచుకుంటాం. అందులో ఎగతాళి లేదు, చనువుంది. బాకీ, భక్తి ఒకే ఇంట్లో కాపురం ఉండగలవని ఆ పేరే చెబుతుంది.

ఈ బేరం ఎంత దూరం వెళ్ళగలదో చూపించే కథ ఒకటుంది. రోమన్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితం అది.

క్రీ.పూ. 217. రోమ్ శత్రువు, కార్తేజ్ సేనాని హానిబాల్ ఆల్ప్స్ దాటి ఇటలీలోకి దిగాడు. ట్రాసిమీన్ సరస్సు ఒడ్డున రోమన్ సైన్యాన్ని పొగమంచులో మాటువేసి కొట్టాడు. పదిహేను వేల మంది చచ్చారు, కాన్సుల్ (ఆ ఏటి ఇద్దరు ప్రభుత్వాధిపతుల్లో ఒకడు) ఫ్లామినియస్ కూడా. ఆపద సమయంలో సర్వాధికారాలు ఇచ్చే డిక్టేటర్ పదవిలోకి వచ్చిన ఫేబియస్ సెనేట్‌లో మొదట మాట్లాడింది సైన్యం గురించి కాదు. ఫ్లామినియస్ తప్పు దూకుడు కంటే ఎక్కువగా తంతులు, శకునాలు లెక్కచేయకపోవడం అన్నాడు. కష్టకాలంలో చూసే జోస్యాల పుస్తకాలు, సిబిల్ గ్రంథాలు తెరిపించారు. దేవుళ్ళకు ఏమేం బాకీ ఉందో తేల్చారు. జూపిటర్ పేరు మీద పెద్ద క్రీడోత్సవం చేయాలి, దానికి ఖర్చు 3,33,333 రాగి నాణేలు, మళ్ళీ ఇంకో నాణెంలో మూడో వంతు. ఆ మూడో వంతు దగ్గర నేను ఆగిపోయాను. ఊరి బయట శత్రువు తిరుగుతున్నాడు, వీళ్ళు నాణెంలో మూడో వంతు దాకా లెక్క రాస్తున్నారు.

దానితోపాటు "పవిత్ర వసంతం" అనే మొక్కు. రాబోయే ఐదేళ్ళు రోమ్ నిలబడితే, ఒక వసంతంలో పుట్టిన పందులు, గొర్రెలు, మేకలు, పశువులు అన్నీ జూపిటర్‌కి. ప్రధాన పురోహితుడు అడ్డం పడ్డాడు. జనం పశువుల మీద మొక్కు కాబట్టి జనం ఒప్పుకుంటేనే చెల్లుతుందన్నాడు. అందుకని ఓటింగు పెట్టారు. జనం ముందు చదివిన మాటలను చరిత్రకారుడు లివీ రాసిపెట్టాడు. మన టీవీ ప్రకటనల చివర గబగబా చదివే "షరతులు వర్తిస్తాయి" లాగా ఉంటుంది అది. బలి ఇవ్వాల్సిన జంతువు ముందే చచ్చిపోతే, దోషం లేదు. తెలియక ఎవరైనా చంపేస్తే, దోషం లేదు. ఎవరైనా దొంగిలిస్తే జనానికీ దోషం లేదు, పోగొట్టుకున్నవాడికీ లేదు. తెలియక చెడ్డ రోజున బలి ఇచ్చినా చెల్లుతుంది. రాత్రి చేసినా పగలు చేసినా, బానిస చేసినా స్వతంత్రుడు చేసినా, చెల్లుతుంది.

మరుసటి ఏడాదే ఇటలీలోని కానే అనే చోట ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. అయినా రోమ్ నిలబడింది. క్రీ.పూ. 201కి యుద్ధం ముగిసింది. మొక్కు తీర్చింది ఎప్పుడు? క్రీ.పూ. 195లో. ఇరవై ఏళ్ళు దాటాక. (మా తమ్ముడి పుట్టెంట్రుకలు తిరుమలలో ఇస్తామని మొక్కి, మూడేళ్ళు వాయిదా వేసి, వాడికి ఎప్పుడు జ్వరం వచ్చినా ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్న సంగతి నాకు గుర్తుంది. ఇరవై ఏళ్ళంటే ఎంత టెన్షన్ పడి ఉండాలో!) అక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడాది పురోహితుడు పబ్లియస్ లిసినియస్ వచ్చి, చేసింది సరిగా చేయలేదు, చెల్లదన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చేశారు. ఈసారి వసంతమంటే ఏమిటో కూడా తేల్చి చెప్పారు: మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా పుట్టినవి.

నమ్మకం లేనివాళ్ళు ఇలా చేస్తారా అని మీరు అడగొచ్చు. నమ్మకం ఉన్నవాళ్ళే అయితే జూపిటర్‌తో ఇన్ని మినహాయింపులు రాయించుకుంటారా అని పక్కవాళ్ళు అడగొచ్చు. రెండు ప్రశ్నలూ ఇక్కడ పట్టవు. వాళ్ళు మాట ఇచ్చారు, మాటలో ఎక్కడా కంత లేకుండా చూసుకున్నారు, తేడా వస్తే రెండోసారి చేశారు. వాళ్ళ భక్తి ఆ జాగ్రత్తలో ఉంది. ముఖ్యమైన ప్రార్థనలప్పుడు ఒకడు మాటలు అందిస్తే, ఒకడు తప్పు పోకుండా చూసేవాడు, ఇంకొకడు జనాన్ని నోరు మెదపనిచ్చేవాడు కాదు. చెడ్డ చప్పుడు ఏదీ చెవిన పడకుండా ఒకడు పిల్లనగ్రోవి వాయించేవాడు.

కోళ్ళ కథ చెప్పకపోతే రోమన్ మతం మీద రాసినట్టే కాదు. శకునం అంటే సంస్కృతంలో పక్షి. లాటిన్‌లో శకునానికి వాడే "ఆస్పికియుమ్" కూడా పక్షిని చూడడమనే మాటలోంచే వచ్చింది. యుద్ధానికి ముందు బోనులోని పవిత్రమైన కోళ్ళకు గింజలు వేస్తారు. ఆత్రంగా తింటే శుభం. క్రీ.పూ. 249లో సిసిలీ దగ్గర డ్రెపానాలో కాన్సుల్ పబ్లియస్ క్లాడియస్ పుల్కర్ ఓడల మీద ఉండగా కోళ్ళు తినలేదు. "తినకపోతే తాగనివ్వండి" అని సముద్రంలోకి విసిరేయించాడట. యుద్ధంలో 93 ఓడలు పోయాయి. తర్వాత రోమ్‌లో విచారణ జరిగి జరిమానా పడింది. చాలామంది దీన్ని మూఢనమ్మకాల కథగా చెబుతారు. నాకు అలా కనిపించదు. ఎందుకంటే కోళ్ళను ఆకలితో మాడ్చి, తప్పకుండా తినేలా చూస్తారని రోమన్లకు తెలుసు. ఆ గుట్టు విప్పినవాడు రోమన్ వక్త, రాజకీయ నాయకుడు సిసెరో. ఆయన బయటివాడు కాదు, శకునాలు చూసే అధికారిక మండలిలో సభ్యుడు. క్రీ.పూ. 44లో జోస్యాల మీద రాస్తూ వాటిని ఒక్కొక్కటిగా కొట్టిపారేశాడు. బలి జంతువు కాలేయం చూసి జోస్యం చెప్పేవాడు ఇంకో కాలేయం జోస్యుడు ఎదురైతే నవ్వకుండా ఎలా ఉండగలడో అని పాతతరం రోమన్ నాయకుడు కేటో అన్న మాటను గుర్తు చేశాడు. అంతా చెప్పి, పెద్దల నుంచి వచ్చిన పద్ధతిని నిలబెట్టాలి అన్నాడు.

దీన్ని కపటం అనేవాళ్ళున్నారు. కొంత ఉంది, కాదనను. పురోహిత పదవులు రాజకీయ నాయకుల చేతుల్లోనే ఉండేవి. క్రీ.పూ. 63లో జూలియస్ సీజర్ మెడలోతు అప్పుల్లో మునిగి, డబ్బు వెదజల్లి ప్రధాన పురోహితుడి ఎన్నిక గెలిచాడు. ఆ ఉదయం తల్లికి, పురోహితుడిగానే తిరిగొస్తాను, లేకపోతే ఇంటికే రాను అని చెప్పి బయల్దేరాడంటారు. అయినా క్లాడియస్‌కి శిక్ష పడింది కోళ్ళను నమ్మనందుకు కాదు. నగరం మొత్తం తరఫున జరగాల్సిన ఒక పనిని తన చిరాకు కోసం పక్కన పడేసినందుకు. ముహూర్తాల మీద పెద్దగా నమ్మకం లేని నాన్న కూడా కూతురి పెళ్ళికి పంతులుగారు చెప్పిన టైముకి జీలకర్ర బెల్లం పెట్టించి తీరతాడు. ఆయన్ని కపటి అనడానికి నాకు నోరు రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంతదాకా చదివి "చూశారా, రోమన్లు మనవాళ్ళే" అని ఫార్వర్డ్ చేయకండి. వాటికన్ అనే పేరు మన "వాటిక" నుంచి వచ్చిందని ఏటా ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. వాటికానుస్ అనేది రోమ్‌లో ఒక కొండ పేరు. సంస్కృతం, లాటిన్ దూరపు చుట్టాలన్నది నిజం. అగ్నికి "ఇగ్నిస్", దేవుడికి "దెయుస్". రోమన్ బంగారు నాణేలు వినుకొండలో, నాగార్జునకొండలో దొరికిన మాటా నిజం. వాటిని తెచ్చింది వ్యాపారం. రోమన్లకు కర్మ లేదు, మోక్షం లేదు, పుట్టుకతో వచ్చే పౌరోహిత్య కులం లేదు. పోలిక ఉన్నది మొక్కులో, దేవుడితో లెక్క చూసుకోవడంలో. నాకు కావలసింది ఆ పోలికే, చుట్టరికం కాదు.

పైగా ఆ లెక్కల మతంలో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. అవి గుళ్ళలో కాదు, వంటింట్లో కనిపిస్తాయి.

పాంపేయిలో చాలా ఇళ్ళ వంటగదుల్లో పొయ్యి దగ్గర గోడ మీద ఒక చిన్న గూడు గానీ బొమ్మ గానీ ఉంటుంది. ఇంటి దేవతలు లారెస్, చిందేస్తున్న కుర్రాళ్ళలా. మధ్యలో ఇంటి యజమాని జీనియస్, అంటే అతనితో పుట్టిన దైవశక్తి. కింద బలిపీఠం వైపు పాకుతున్న పాము. ఈ దేవుళ్ళకు పూజ చేసేది ఎవరు? కేటో తన వ్యవసాయ పుస్తకంలో రాశాడు. పొలం చూసే గుమాస్తా భార్య, అంటే ఒక బానిస స్త్రీ, రోజూ రాత్రి పడుకునే ముందు పొయ్యి చుట్టూ శుభ్రం చేయాలి. నెలలో మొదటి రోజు, తర్వాత నోన్స్ (5 లేదా 7వ తేదీ), ఇడ్స్ (13 లేదా 15వ తేదీ) అనే రోజుల్లో, పండగ రోజుల్లో పొయ్యికి దండ వేసి ఇంటి దేవతకు మొక్కాలి. యజమాని చెప్పకుండా మాత్రం సొంతంగా ఏ పూజా చేయకూడదు.

ఈ కేటో దేవుళ్ళ విషయంలో ఎంత జాగ్రత్తపరుడంటే, తోపులో చెట్లు కొట్టే ముందు పందిని బలిచ్చి, "నువ్వు దేవుడివో దేవతవో, ఈ చోటు ఎవరిదైతే వాళ్ళకు" అని మొక్కాలంటాడు. పేరు తెలియని దేవుడికి కూడా బాకీ ఉండకూడదు. అదే పుస్తకం మొదట్లో అమ్మేయాల్సిన వస్తువుల జాబితా ఉంది: ముసలి ఎద్దులు, పాత బండి, పాత ఇనప సామాను, ముసలి బానిస, రోగిష్టి బానిస. తోపులోని తెలియని దేవుడికి ఇచ్చిన మర్యాద, ఇరవై ఏళ్ళు ఆ పొలం దున్నినవాడికి లేదు. నాలుగు దారుల కూడలిలో లారెస్‌కి చేసే కోంపితాలియా పండగలో ఉన్ని బొమ్మలు వేలాడదీసేవాళ్ళు. ఇంట్లో స్వతంత్రులు ఎంతమంది ఉంటే అన్ని మనిషి బొమ్మలు. బానిసలు ఎంతమంది ఉంటే అన్ని ఉన్ని ఉండలు. ముఖం లేని ఉండలు.

చేసే పనే మతమైనప్పుడు, చేయించే బలం ఉన్నవాడి చేతిలో అది ఏమవుతుందో క్రీ.శ. 250లో తేలింది. డీసియస్ చక్రవర్తి అందరూ దేవుళ్ళకు బలి ఇవ్వాలని ఆజ్ఞ వేశాడు. ఇచ్చినవాళ్ళకు సర్టిఫికెట్. ఈజిప్టు ఇసుకలో అలాంటి పపైరస్ కాగితాలు నలభైకి పైగా దొరికాయి. "నేను ఎప్పుడూ దేవుళ్ళకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట బలి ఇచ్చాను, ద్రాక్షసారా పోశాను, ప్రసాదం తిన్నాను, ధ్రువీకరించండి." ఒకదానిలో దరఖాస్తుదారు వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ అని రాసుంది. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చల కోసం ఉండే గడే అది. ఆ కాగితం మనసులో ఏముందని అడగలేదు. ప్రసాదం తిన్నావా అని అడిగింది. ఆ ముద్ద మింగలేక చచ్చిపోయిన క్రైస్తవులున్నారు. నమ్మకం అడగని మతం మెతకగా ఉంటుందని నేను ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఈ కాగితాలు చదివాక అనుకోవడం మానేశాను.

తర్వాత చక్రం తిరిగింది. క్రీ.శ. 392లో క్రైస్తవుడైన థియొడోసియస్ చక్రవర్తి పాత పూజలన్నిటినీ నిషేధించాడు. ఆ చట్టాన్ని నేను మొదటిసారి చదివినప్పుడు అందులో పెద్ద దేవుళ్ళ కోసం వెతికాను. దొరికింది వంటగది. ఇంటి లార్‌కి నిప్పుతో, జీనియస్‌కి ద్రాక్షసారాతో, పెనాతెస్ అనే ఇంటి దేవతలకు సువాసనతో చాటుమాటుగా కూడా మొక్కకూడదు. దీపాలు వెలిగించకూడదు, సాంబ్రాణి వేయకూడదు, దండలు వేలాడదీయకూడదు. చెట్టుకు దారాలు కట్టకూడదు. పచ్చిక గడ్డలతో పీఠం కట్టకూడదు. చేస్తే ఆ ఇల్లు, ఆ పొలం జప్తు. సొంతదారుకు తెలియకుండా వేరేవాళ్ళ చోట చేస్తే ఇరవై ఐదు పౌన్ల బంగారం జరిమానా. నమ్మకం నడిమధ్యలో ఉన్న మతం చేసిన చట్టమిది. అయినా పాత మతాన్ని ఆపాలంటే ఏం ఆపాలో దానికి కచ్చితంగా తెలుసు. జూపిటర్ ఉన్నాడా లేడా అన్న చర్చ అందులో లేదు. నిప్పు, ద్రాక్షసారా, సాంబ్రాణి, దండ, దారం.

చట్టం మీద తేదీ నవంబర్ 8. కేటో చెప్పిన లెక్కలో నోన్స్ మూడు రోజుల కిందటే వెళ్ళిపోయింది. పొయ్యికి మళ్ళీ దండ వేయాల్సిన రోజు ఇడ్స్, నవంబర్ 13.